ఎనిమిది గజాల కిల్టు: ఖర్చు పుస్తకంతో సహా ఒక కుట్టుపని డైరీ

8 ఫిబ్రవరి 2025, శనివారం

మా అబ్బాయి పట్టా పుచ్చుకునే ఉత్సవం జూలై రెండో వారంలో ఎడిన్‌బరా విశ్వవిద్యాలయం వారి మెక్యూవన్ హాలులో జరగనుంది. మంచి సూటు కొందామని నేనంటే, ఏడో ఏట వచ్చి ఈ ఊళ్ళోనే పెరిగినవాణ్ణి కనుక స్కాట్లండ్ మగవారు కట్టుకునే కుచ్చిళ్ళ గళ్ళబట్ట, కిల్టే కట్టుకుంటానని వాడన్నాడు. పంచె కట్టుకుంటాం, ప్యాంటు తొడుక్కుంటాం. కిల్టు నడుము చుట్టూ తిప్పి బకిల్ బిగించుకునేదే కనుక దానికి కట్టుకోవడం అన్న మాటే సరిపోతుందని మా ఇంట్లో తీర్మానం జరిగింది.

ఈ రోజు ఇద్దరం కలిసి కొలతలు తీసుకుని కుట్టించే ఒక దుకాణానికి వెళ్ళాము. అక్కడి ఆమె వాడి నడుమూ పిరుదుల చుట్టుకొలతా చూసి, బట్టల నమూనాల పుస్తకం ముందు పెట్టి, అడిగినవన్నీ ఓపికగా చెప్పి ఒక కాగితం చేతికిచ్చింది. చేత్తో కుట్టిన ఎనిమిది గజాల కిల్టు 695 పౌండ్లు, కోటూ వెయిస్ట్‌కోటూ కలిపి 290, నడుము ముందు వేలాడే తోలు సంచి స్పోరన్ 140, పొడుగు లేసుల గిల్లీ బ్రోగ్ బూట్లు 95, బెల్టూ దాని బిళ్ళా 65, మేజోటిలో దోపుకునే చిన్న కత్తి స్కీన్ డూ 60, ఊలు మేజోళ్ళు 28, కిల్టు పిన్ను 24, మేజోళ్ళ మడత కింద కనిపించే రంగు పట్టీలు 14. మొత్తం 1,411 పౌండ్లు. మన రూపాయల్లో ఒకటిన్నర లక్ష దాటుతుంది. కిల్టు ఒక్కటే 695 అయితే దాని వెంట నడిచే పరివారం 716. పెళ్ళికొడుకు కంటే ఊరేగింపుకే ఎక్కువ ఖర్చయినట్టు ఉంది.

వచ్చే దారిలో ఈ ఊరి పాత నడివీధి రాయల్ మైల్ మీద పర్యాటకుల దుకాణం ఒకదానిలో ఇనుప కడ్డీకి వరుసగా వేలాడుతున్న కిల్టులు చూశాము. ఒక్కొక్కటి 40 పౌండ్లు. రెండూ చూడటానికి గళ్ళ బట్టే, రెండూ మోకాలి దాకానే, కానీ ధర పదిహేడు రెట్లు. ఆ తేడా అంతా ఎక్కడ కూర్చుందో తెలుసుకోవాలంటే ఒకటి నా చేత్తో కుట్టి చూడటమే మార్గమని నిశ్చయించుకుని ఈ పుస్తకం మొదలుపెట్టాను. మా నాన్నగారు చీరాలలో గుంట మగ్గం మీద గళ్ళ లుంగీలూ రుమాళ్ళూ నేసినవారు. గళ్ళు లెక్కపెట్టడం నాకు అక్షరాలకంటే ముందు వచ్చింది. రవికలు కుట్టడం వచ్చు. కిల్టు ఎంత కష్టమో మాత్రం తెలియదు.

22 ఫిబ్రవరి

గురువు దొరికింది. డెబ్బై దాటిన విశ్రాంత కిల్టు కుట్టుపనిమనిషి, సైన్యానికీ బ్యాగ్‌పైపు మేళాలకూ ముప్పై ఏళ్ళ పైన కుట్టిందట. ఒక్కో శనివారానికి 40 పౌండ్లు, ఆరు శనివారాలు. ఫీజు మాట తేలగానే ఆమె చేసిన మొదటి పని నా చేతి కుట్టు చూడటం. ఒక గుడ్డముక్క మీద అంగుళానికి పది కుట్లు వేయమంది. వేస్తే, భూతద్దం పెట్టి చూసి, సరే అంది. ఈ దేశంలో అంతరించే ప్రమాదంలో ఉన్న చేతిపనుల జాబితాలో కిల్టు కుట్టుపని కూడా ఉందని ఆమె దగ్గరే మొదట విన్నాను. కిల్టు ధరించేవారికి ఇక్కడ లోటేమీ లేదు; దాన్ని చేత్తో కుట్టగలవారు తగ్గిపోతున్నారు.

టార్టన్, అంటే ఒక్కో వంశానికో దళానికో పేరు పడిన గళ్ళ నమూనా, ఎంపిక గురించి చాలాసేపు మాట్లాడుకున్నాము. మాకు వంశం పేరుతో టార్టన్ లేదు, అరువు తెచ్చుకోవాలని కూడా లేదు. నిజానికి ఎవరు ఏ టార్టన్ కట్టుకోవాలన్నదానిపై చట్టమేదీ లేదు, మర్యాద ఒక్కటే ఉంది. కొత్తది రూపొందించుకుని 2009లో మొదలైన స్కాటిష్ టార్టన్ల ప్రభుత్వ రిజిస్టరులో నమోదు చేయించుకోవచ్చు కూడా. కానీ ఒక్క కిల్టు కోసం ప్రత్యేకంగా మగ్గం కట్టించాలంటే పడుగు తోడే కూలి దగ్గరే ధర పెరిగిపోతుంది. ఎప్పుడూ నిల్వ ఉండే నమూనా ఎంచుకుంటే ఆ భారం ఉండదు. అందుకే ఒక స్కాటిష్ సైన్యదళం పేరున్న బ్లాక్ వాచ్ తీసుకున్నాము. ముదురు నీలం, నలుపు, ముదురు ఆకుపచ్చ. దీన్నే ప్రభుత్వ టార్టన్ అంటారు కనుక ఒకే వంశం సొత్తని ఎవరూ అనరు.

ఈ నమూనాకు ఇంకో చరిత్ర కూడా ఉంది. బ్రిటన్ రాజు మీద స్కాట్లండ్‌లో లేచిన 1745 తిరుగుబాటు అణిగిపోయాక 1746లో వచ్చిన చట్టం స్కాట్లండ్ మగవారికి కిల్టునూ టార్టన్ కోటునూ నిషేధించింది. మొదటిసారి దొరికితే ఆరు నెలల జైలు, రెండోసారి దొరికితే ఏడేళ్ళు సముద్రాలవతలకు ప్రవాసం. 1782లో ఎత్తివేసేదాకా ఆ నిషేధం ఉంది. అయితే రాజుగారి సైన్యంలో చేరిన హైలాండ్స్ (స్కాట్లండ్ ఉత్తరాది కొండసీమ) వారికి మాత్రం అది వర్తించలేదు, కనుక ఆ 36 ఏళ్ళూ ఈ నీలం, నలుపు, ఆకుపచ్చ బట్ట నేత ఆగలేదు. కట్టుకోవడానికి తుపాకి పట్టవలసి వచ్చిన బట్ట ఇది.

1 మార్చి

బట్ట వచ్చింది. గజానికి 16 ఔన్సుల బరువున్న ఉన్ని బట్ట, మీటరు 62 పౌండ్లు, 4 మీటర్లు, మొత్తం 248. దీంట్లో తేలిక రకాలూ ఉన్నాయి, 10, 13 ఔన్సులవి. సైన్యంలోవారికి ఇంతకంటే బరువైనవీ ఉన్నాయి. తేలిక బట్ట కొంచెం చవక, వేసవిలో హాయి. కానీ కుచ్చిళ్ళు నిలబడవు, గాలికి లేస్తాయి, తడిసి ఆరితే మడత పోతుంది. ఈ ఊరి గాలి సంగతి తెలిసినవాళ్ళం కనుక బరువైనదే తీసుకున్నాము. పొట్లం ఒళ్ళో పెట్టుకుంటే దాదాపు రెండు కిలోలు, చంటిపిల్లంత బరువు.

ఎనిమిది గజాల కిల్టుకు నాలుగు మీటర్లు ఎలా చాలుతుందని ముందు అనుకున్నాను. బట్ట పన్నా 58 అంగుళాలు. దాన్ని పొడుగునా మధ్యకు చీల్చి రెండు పీలికలనూ చివర్లో కలిపి కుడితే, 29 అంగుళాల పన్నాతో ఎనిమిది గజాలకు పైగా వస్తుంది. ఆ అతుకు ఏదో ఒక కుచ్చి మడతలో దాగిపోతుంది. కిల్టు కింది అంచును మడిచి కుట్టరు. మగ్గం మీద వచ్చిన అంచునే కిందికి ఉంచుతారు. మడిస్తే కుచ్చిళ్ళు బరువెక్కి ఉబ్బుతాయి. చూస్తూ ఉంటే నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే చీర కూడా ఇంతే: పడుగు పోగులు నడుము చుట్టూ తిరుగుతాయి, పేక పోగులు నిలువుగా ఉంటాయి, అంచు పాదాల దగ్గర ఉంటుంది. పాతకాలపు పెద్ద కిల్టు కుట్టే లేని ఒంటి బట్ట. కుచ్చిళ్ళు పెట్టి నడుముకు తోలుపట్టీ బిగించి మిగిలింది భుజాన వేసుకునేవారు. కుచ్చిళ్ళను శాశ్వతంగా కుట్టేయడం 18వ శతాబ్దం చివరికి గానీ స్థిరపడలేదు. అంటే ఈ 695 పౌండ్లలో సింహభాగం, రోజూ పెట్టుకునే కుచ్చిళ్ళను ఒక్కసారి పెట్టి జీవితాంతం కదలకుండా చేసినందుకు ఇచ్చే కూలి.

చీల్చడానికి కత్తెర పట్టుకుని పావుగంట నిలబడ్డాను. ఒకే ఒక పోగు లాగి, ఆ పోగు పోయిన సన్నని దారి వెంట కత్తిరించాను. 3 గంటలు.

15 మార్చి

ఈ వారం అంతా లెక్కలే. అబ్బాయి నడుము 34, పిరుదులు 40, నడుము నుంచి మోకాలి చిప్ప మధ్య దాకా 24 అంగుళాలు. కిల్టు నడుము అంటే ప్యాంటు నడుము కాదు, బొడ్డు ఎత్తున ఉండేది. ఇది తెలియక ప్యాంటు కొలత చెప్పి కిల్టు తెప్పించుకున్నవారు తమ దగ్గరికి ఏడుస్తూ వస్తారని గురువుగారు చెప్పింది.

ముందు భాగంలో కుచ్చిళ్ళుండవు, సాపుగా ఉంటుంది. దాన్ని ఏప్రన్ అంటారు. ఒకటి పైన, ఒకటి లోపల, రెండు పొరలు. పిరుదుల దగ్గర ఒక్కో ఏప్రన్‌కు 20 అంగుళాలు, వాటి పక్కల లోతైన మడతలతో కలిపి మొత్తం 70 అంగుళాల బట్ట వాటికే పోతుంది. ఎనిమిది గజాలంటే 288 అంగుళాలు, మిగిలింది 218. బట్టపై గళ్ళ నమూనా పూర్తిగా ఒకసారి తిరగడానికి 8 అంగుళాలు పడుతోంది. ఒక్కో కుచ్చికి ఒక పూర్తి నమూనా మింగించేస్తే 27 కుచ్చిళ్ళు. వెనక భాగం పిరుదుల దగ్గర 20 అంగుళాలు రావాలి కనుక పైకి కనిపించే వెడల్పు ఒక్కో కుచ్చికి ముప్పావు అంగుళం. నడుము దగ్గర 17 రావాలి కనుక అక్కడ అరంగుళం మీద అరపావు. మడతలో దాగేది ఏడు అంగుళాల పైన, కనిపించేది ముప్పావు. కొన్న బట్టలో అధిక భాగం ఎవరి కంటా పడదు. నలభై పౌండ్ల కిల్టులో మొదట కోత పడేది ఇక్కడే: తక్కువ గజాలు, లోతు తక్కువ కుచ్చిళ్ళు, ఆక్రిలిక్ నూలు, మెషీను కుట్టు.

కుచ్చిళ్ళు పెట్టే పద్ధతులు రెండు. మడతలన్నీ మూశాక కూడా వెనక గళ్ళు చెదరకుండా ముందు భాగంలాగే కనిపించేట్టు పెట్టడం ఒకటి. ప్రతి కుచ్చిపైనా ఒకే గీత వచ్చేట్టు పెట్టడం రెండోది, సైనికుల తీరు. కొత్తదానివి కనుక రెండోదే చెయ్యమంది గురువుగారు. ఆకుపచ్చ గడి మధ్యలో సాగే సన్నని నల్లగీతను ప్రతి కుచ్చి నడుమకూ తేవాలని నిర్ణయించాము. 6 గంటలు.

6 ఏప్రిల్, ఆదివారం

కుచ్చిళ్ళు కుట్టడం పూర్తయింది, ఇరవై ఏడూ. ఒక్కో కుచ్చిని నడుము నుంచి పిరుదుల దాకా, అంటే 8 అంగుళాల మేర, చేత్తో కుట్టాలి. అంగుళానికి పది కుట్ల లెక్కన కుచ్చికి ఎనభై, మొత్తం రెండువేల పైచిలుకు. సూది మడత అంచులో రెండు మూడు పోగులనే పట్టుకుని కింది పొరలోకి దిగాలి. పైకి ఏ కుట్టూ కనిపించకూడదు. ముదురు బట్ట మీద నల్ల దారంతో రాత్రి పని చేయడం మంచిది కాదని మూడో కుచ్చికే తెలిసింది. ఆ తర్వాత కిటికీ పక్కన, ఉదయం పూట మాత్రమే కుట్టాను. 19 గంటలు.

ఈ నెల 1 నుంచి బ్రిటన్‌లో కనీస వేతనం గంటకు 12 పౌండ్ల 21 పెన్నీలైంది. పుస్తకంలో నా గంటల పక్కన ఆ అంకె రాసి పెట్టాను. ఎవరూ ఇవ్వరు గానీ, లెక్క లెక్కే.

19 ఏప్రిల్

ఈ రోజు రాయడానికి మనసు ఒప్పడం లేదు. గురువుగారి బల్ల మీద కిల్టు పరిచి టేపు పెడితే, వెనక భాగం పిరుదుల దగ్గర 20 రావలసింది 21 దాటి మరో ముప్పావు చూపించింది. ఆమె ఏమీ అనలేదు, కళ్ళజోడు తుడుచుకుని ఒక్కో కుచ్చినీ కొలిచింది. ప్రతిదీ దాదాపు వీసమెత్తు ఎక్కువ. సుద్ద గీత లోపలి అంచున కుట్టవలసింది నేను బయటి అంచున కుట్టాను. సుద్ద గీత మందమెంత, అంగుళంలో పదహారోవంతు. కానీ ఇరవై ఏడు వీసాలు కలిస్తే అంగుళంన్నర పైచిలుకు. వీసమెత్తు అన్న మాట చిన్నతనం నుంచీ వింటున్నాను గానీ దాని బరువు ఇవాళే తెలిసింది.

బకిళ్ళు జరిపి సర్దుకోలేమా అని అడిగాను. సర్దుకోవచ్చు గానీ, అప్పుడు ఏప్రన్ ఇరుకై పక్కకు జరుగుతుంది, ముందు సాపుగా ఉండవలసిన చోట కుచ్చిళ్ళు తొంగిచూస్తాయి, చూసినవారికి కారణం తెలియకపోయినా ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది అంది. తాను కొత్తగా చేరిన ఏడాది మూడు కిల్టులు పూర్తిగా విప్పించారట. ఆ మాట నన్ను ఊరడించడానికి చెప్పిందో ఏమో గానీ, ఊరట కలగలేదు.

ఇంటికి వచ్చి బ్లేడుతో కాక సూది మొనతో ఒక్కో కుట్టూ విప్పాను. బ్లేడు జారితే 248 పౌండ్ల బట్ట. విప్పడానికే 4 గంటలు.

10 మే

రెండోసారి కుట్టు పూర్తి. 14 గంటలు పట్టింది, మొదటిసారి కంటే ఐదు తక్కువ. ఈసారి సుద్ద వాడలేదు. పాత గ్రీటింగ్ కార్డును ముప్పావు వెడల్పున, పైకి వెళ్ళేకొద్దీ అరపావు సన్నబడేట్టు కత్తిరించి, ప్రతి కుచ్చి మీదా దాన్ని పెట్టి చూసుకున్నాను. వెనక భాగం 20 అంగుళాలు. నల్లగీతలు ఇరవై ఏడూ పిరుదుల దగ్గర నిలువుగా మొదలై నడుము వైపు ఒకదానికొకటి దగ్గరవుతూ పోతుంటే, చేత్తో విసనకర్ర మూసినట్టుంది.

ఏప్రన్ అంచుకు కుచ్చు తీయడం మాత్రం నాకు పండగ. పేక పోగులు ఒక్కొక్కటిగా లాగేస్తే పడుగు పోగులు కుచ్చుగా మిగులుతాయి. చీర చెంగుకు మనం చేసేదే. గురువుగారు దగ్గరుండి చూసి, ఇది నీకు ఎవరూ నేర్పనక్కర్లేదు అంది. ఏప్రన్ల పనికి మొత్తం 5 గంటలు.

25 మే, ఆదివారం

ఎవరూ చూడని పని ఈ రెండు వారాలూ. కుచ్చిళ్ళ లోపల పేరుకున్న మందాన్ని పై భాగంలో కత్తిరించి తీసేయాలి, లేకపోతే నడుము దగ్గర దిండు కట్టుకున్నట్టుంటుంది. కత్తిరించాక అక్కడ బట్టకు బలం ఉండదు కనుక కుచ్చిళ్ళన్నింటినీ కలిపి అడ్డంగా బిగింపు కుట్టు వేయాలి; దాని మీద గట్టి కాన్వాసు, ఆపైన నూలు అస్తరు. కిల్టు బరువంతా ఆ కాన్వాసు మీదే వేలాడుతుంది. దుకాణాల్లో కిల్టు మంచిదో కాదో తెలుసుకోవాలంటే పైన గళ్ళు చూడటం కాదు, తిరగేసి అస్తరు లోపల కాన్వాసు ఉందో లేదో నొక్కి చూడాలి. రాయల్ మైల్ దుకాణానికి మళ్ళీ వెళ్ళి అదే చేశాను. అక్కడ వేలికి తగిలింది అతికించిన కాగితపు పీచులాంటి పట్టీ.

అలాగని చవక కిల్టులన్నింటినీ ఒకే గాటన కట్టలేను. పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో తరతరాలుగా బ్యాగ్‌పైపులూ కిల్టులూ తయారుచేసి ప్రపంచమంతటికీ పంపుతున్నారు. ఆ చేతులకు పని రాదని ఎవరూ అనలేరు. కొనేవారు ఇచ్చే ధరకు ఎంత బట్ట, ఎన్ని గంటలు వస్తాయో అంతే వస్తాయి. ఏడాదికోసారి ఫుట్‌బాల్ మ్యాచ్‌కు కట్టుకుని బీరు ఒలకబోసుకునే కుర్రవాడికి అది చాలు.

అస్తరు, కాన్వాసు, దారాలకు 23 పౌండ్లు. బిగింపు కుట్టు, కాన్వాసు 6 గంటలు, అస్తరు రెండున్నర.

8 జూన్, ఆదివారం

నడుంపట్టీ, తోలు పట్టీలు, బకిళ్ళు. మూడు జతలకు 21 పౌండ్లు. లోపలి ఏప్రన్ తోలుపట్టీ ఎడమవైపు కుచ్చిళ్ళ పక్కనుంచి బయటికి రావాలి. దానికోసం పూర్తయిన కిల్టుకు కన్నం పెట్టి కాజా కుట్టాలి. నెలల తరబడి పోగు చెదరకుండా కాపాడిన బట్టను చివర్లో చేతులారా చీల్చడం ఎలాంటిదో కుట్టేవారికే తెలుస్తుంది. మూడున్నర గంటల్లో రెండు గంటలు ఆ కాజాకే.

రాత్రి ఖర్చుల లెక్క కూడి చూశాను. బట్ట 248, లోపలి సరుకు 23, బకిళ్ళు 21: మొత్తం 292. గురువుగారికి 240. కలిపితే 532 పౌండ్లు. దుకాణం ధర 695 కనుక మిగిలింది 163. గంటలు 63. అంటే గంటకు రెండు పౌండ్ల 59 పెన్నీలు సంపాదించుకున్నానన్నమాట. కనీస వేతనం కట్టుకుంటే నా కూలి 769 పౌండ్లు, ఈ కిల్టు ఖరీదు 1,301.

అప్పుడు దుకాణం వైపు నుంచి కూడా లెక్క వేశాను. 695లో ఆరోవంతు వ్యాట్, అంటే 116, ప్రభుత్వానిది. మిగిలిన 579లో బట్ట టోకు ధరకు వచ్చినా 180కి తగ్గదని నా అంచనా, లోపలి సరుకు 44. ఆరితేరిన మనిషి ఇలాంటిది ఇరవై రెండు గంటల్లో కుట్టేస్తుందని గురువుగారి మాట. ఆమెకు కనీస వేతనమే ఇచ్చినా 269. ఇక 86 మిగిలింది. అందులోనే దుకాణం అద్దె, దీపాలు, ఫిబ్రవరిలో గంటసేపు నాతో ఓపికగా మాట్లాడిన ఆమె జీతం. ముప్పై ఏళ్ళ నేర్పుకు కనీస వేతనం ఇవ్వడం న్యాయం కాదనుకుని ఇంకొంచెం పెంచితే ఆ 86 కూడా కరిగిపోతుంది. ఆ రోజు దుకాణం బయట అడుగుపెట్టగానే దోపిడీ అన్న మాట నా నోటి నుంచి వచ్చింది. ఇక్కడ రాసి కొట్టేస్తున్నాను.

22 జూన్, ఆదివారం

పరివారం సంగతి. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరాకు వచ్చినప్పుడు, నవలాకారుడు వాల్టర్ స్కాట్ నడిపించిన ఆ సంబరం కోసం రాజుగారు హైలాండ్స్ దుస్తులు కుట్టించుకున్నారు. ఆ బిల్లు 1,354 పౌండ్ల 18 షిల్లింగులు. అందులోనూ కిల్టు కంటే రాళ్ళు పొదిగిన ఆయుధాలకూ బంగారు హంగులకూ అయిందే ఎక్కువ. మాకు ఇచ్చిన ధరల కాగితం ఆ పద్ధతిలోనే రాశారనిపించింది.

మేము ఒక్కొక్కటీ ప్రశ్నించాము. కోటూ వెయిస్ట్‌కోటూ ధర్మసంస్థ వారి పాత బట్టల దుకాణంలో 45కి దొరికాయి, ట్వీడ్ బట్ట. చేతులు ఒక అంగుళం తగ్గించాను. వెయిస్ట్‌కోటు ఉన్నప్పుడు బెల్టు పెట్టుకోరు కనుక 65 మిగిలింది. బూట్లకు వాడి దగ్గరున్న నల్ల బూట్లే చాలు. పొడుగు లేసులు పిక్కల మీద చుట్టుకోవడం అందంగానే ఉంటుంది గానీ, 95 పౌండ్ల అందం కాదు. మేజోళ్ళ దగ్గర మాత్రం పిసినారితనం చూపలేదు, మోకాలి కింద ఉన్నదంతా అవే కనుక 28 పెట్టి ఊలువే తీసుకున్నాము. పట్టీలను మిగిలిన టార్టన్ పీలికతో కుట్టాను, ఎలాస్టిక్‌కు 2. పిన్ను 24, దాన్ని పై ఏప్రన్‌కు మాత్రమే గుచ్చాలి, రెండు పొరలకూ కలిపి గుచ్చితే కూర్చున్నప్పుడు బట్ట చిరుగుతుంది. స్కీన్ డూ వద్దనుకున్నాము. జాతీయ దుస్తుల్లో భాగంగా పెట్టుకుంటే ఇక్కడి చట్టం మినహాయింపు ఇస్తుంది, కానీ విమానం లోపలికి రానివ్వరు, పదిమందిలో నాకు గుండె దడ.

స్పోరన్ విషయంలో కొంచెం తడబడ్డాము. అదే పాత బట్టల దుకాణంలో సీలు చర్మంతో చేసిన పాత స్పోరన్ ఒకటి 60కి కనిపించింది, వెండి రంగు మూత, మెరిసే బొచ్చు. అబ్బాయి మనసు పడ్డాడు. అయితే డిసెంబరులో న్యూజెర్సీలో మా ఆడపడుచు కూతురి పెళ్ళికి వాడు ఇదే కట్టుకుని వెళ్ళాలనుకుంటున్నాడు. అమెరికాలో 1972 నాటి సముద్ర క్షీరదాల రక్షణ చట్టం ప్రకారం సీలు చర్మపు వస్తువులను దేశంలోకి తేనివ్వరు. నీటికుక్క వంటి రక్షిత జంతువుల బొచ్చుకు స్కాట్లండ్‌లోనే అనుమతి పత్రాల గొడవ ఉంది. మామూలు ఆవుతోలు స్పోరన్ 85 పెట్టి కొత్తది కొన్నాము. కిల్టుకు జేబుల్లేవు, ఫోనూ తాళాలూ అన్నీ అందులోనే. కనుక ఇది అలంకారం కాదు, జేబు.

పరివారానికి 184. కిల్టుతో కలిపి 716. దుకాణంవారి కాగితంలో కిల్టు లేకుండా పరివారం ఒక్కదానికే 716 అని ఫిబ్రవరిలో రాసుకున్నాను. అంకె కుదిరేసరికి అనుమానం వచ్చి రెండుసార్లు కూడి చూశాను. సరిగ్గానే ఉంది.

అద్దె సంగతి కూడా రాయాలి. మొత్తం దుస్తులు ఒక రోజుకు 85 పౌండ్లకు అద్దెకు దొరుకుతాయి. ఒక్క ఉత్సవం కోసమే అయితే అదే తెలివైన పని. ఎవరైనా అడిగితే అదే చెబుతాను. మా ఖర్చుకు ఎనిమిదిన్నర అద్దెలు. స్నేహితుల పెళ్ళిళ్ళు, జనవరిలో కవి రాబర్ట్ బర్న్స్ పేరిట జరిగే విందు రాత్రులు కలుపుకుంటే మూడు నాలుగేళ్ళు పట్టవచ్చు. కట్టుకుని వదిలేసిన కిల్టును తిరిగి అమ్మితే వచ్చేది స్వల్పం, ఎందుకంటే ఒకరి నడుమూ పొడుగూ ఇంకొకరికి కుదరాలి. బంగారంలా దాచుకునే వస్తువు కాదిది. అయితే లోపలి ఏప్రన్‌లోనూ కుచ్చిళ్ళలోనూ ఇంత బట్ట దాగి ఉన్నందువల్ల, రెండంగుళాల దాకా బకిళ్ళు జరిపి, అంతకు మించితే విప్పి మళ్ళీ కుట్టి, లావైనవారికీ వారి కొడుకులకూ సరిచేయవచ్చు. గురువుగారు తన తాతగారి కిల్టును తమ్ముడి కొడుకు కోసం ఇలాగే విప్పి కుట్టిందట. నలభై పౌండ్లదానిలో విప్పడానికి బట్ట ఉండదు.

13 జూలై, ఆదివారం

ఉత్సవం రోజున ఉదయం చివరి పని: కుచ్చిళ్ళను పట్టి ఉంచిన కచ్చా కుట్టు తీయడం. తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేసి, తెల్లదారాలు కింది నుంచి లాగుతుంటే కుచ్చిళ్ళు ఒక్కొక్కటిగా విడిపోయాయి. కట్టుకుని వాడు వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాడు. కుచ్చిళ్ళు ఒకేసారి ఎడమకూ ఒకేసారి కుడికీ ఊగాయి. ఆ ఊపులోనే ఉంది ఆ మింగేసిన ఏడంగుళాల బట్ట.

మెక్యూవన్ హాలులో పట్టా ఇచ్చేటప్పుడు ప్రతివారి తలనూ ఒక నల్లటి టోపీతో తడతారు. జాన్ నాక్స్ అనే మతసంస్కర్త లాగు బట్టతో దాన్ని కుట్టారని ఈ విశ్వవిద్యాలయంలో ఒక కథ. కుట్టుపనివారి దృష్టితో చూస్తే, ఏ లాగులో అయినా టోపీకి సరిపడా బట్ట తప్పకుండా ఉంటుంది.

గురువుగారు బయట గడ్డి మీద నిలబడి ఉంది, పిలిచాను కనుక వచ్చింది. అబ్బాయి ఆమె దగ్గరికి వెళ్ళి నమస్కారమండీ అంటూ వంగబోతే, వంగకు, వెనక్కి తిరుగు అంది. వాణ్ణి నిలబెట్టి ఇరవై ఏడు గీతలూ చూసి, కుడి నుంచి పదకొండోదాని దగ్గర వేలు పెట్టి, ఇక్కడ ఒక పోగు పక్కకు పోయింది, నీకు తెలుసు కదా అని నన్నడిగింది. తెలుసు. మే 4 రాత్రి దీపం కింద కుట్టిన కుచ్చి అది, పగటి వెలుతురు కోసం ఆగలేక.

సాయంత్రానికి వాన పట్టుకుంది. కిల్టు బాగా తడిసింది. తలుపు వెనక నీడలో వేలాడదీశాను. రేపు ఆరాక మళ్ళీ కచ్చా కుట్టు వేసి ఇస్త్రీ చేయాలి, ఆ తర్వాత దేవదారు చెక్కముక్కలతో కలిపి సంచిలో పెట్టాలి, చిమ్మెటలకు ఉన్ని అంటే ప్రాణం. పదకొండో కుచ్చి మాత్రం విప్పనివ్వనని మా అబ్బాయి పట్టుబట్టాడు. తెల్లదారం రీలు ఇంకా సగం ఉంది.